నైపుణ్యాల మదింపుతో సిబ్బంది కేటాయింపు: రేటింగులకు ముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను. మీ కర్మాగారంలోని మెయింటెనెన్స్ విభాగంలో 40 మంది పనిచేస్తున్నారు. కొత్త ఉత్పత్తి లైను మొదలు కాబోతున్నది కనుక ఎవరిని అక్కడికి పంపాలి, ఎవరిని పాత లైన్ల మీదే ఉంచాలి, బయటి నుంచి ఎంతమందిని తీసుకోవాలి అన్న విషయాలను మూడు నెలల్లో తేల్చమని యాజమాన్యం మీకు అప్పగించింది. మీరు 32 నైపుణ్యాలతో ఒక ఫారం తయారుచేసి, ఒకటి నుంచి ఐదు వరకు ఎవరి రేటింగును వారినే వేసుకోమన్నారు. చాలామంది నాలుగు వేసుకున్నారు. రెండేళ్ల అనుభవం ఉన్నవారిలో కొందరు ఐదు వేసుకోగా, అందరూ సలహా కోసం వెళ్లే సీనియర్ టెక్నీషియన్ మూడుతో సరిపెట్టుకున్నారు. సూపర్‌వైజర్లు వేసిన అంకెలు వీటితో పొసగడం లేదు. రెంటినీ కలిపి సగటు తీసి, మొత్తం మార్కులను బట్టి ర్యాంకులు ఇవ్వవచ్చునా, ఇందుకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కొనడం మంచిదా అని అడిగారు.

సగటు తీయవద్దు, ర్యాంకులు ఇవ్వవద్దు, సాఫ్ట్‌వేర్ గురించి ఇప్పుడే తొందరపడవద్దు. మీ చేతిలో ఉన్న అంకెలు అబద్ధాలని నేను అనడం లేదు. అవి దేనిని కొలిచాయో మనకు తెలియదంటున్నాను. హైడ్రాలిక్స్ ఎదురుగా ఒకరు నాలుగు అని రాస్తే, అది ఏ పనిని దృష్టిలో పెట్టుకొని రాసినది, ఆ పనిని వారు ఎవరి సాయంతో చేశారు, ఎంత చిక్కైన పరిస్థితిలో చేశారు, చివరిసారి ఎప్పుడు చేశారు అన్న సంగతులు ఆ అంకెలో ఎక్కడా లేవు. మనుషులను ఎక్కడ నియమించాలన్న నిర్ణయానికి కావలసినవి సరిగ్గా అవే. నైపుణ్యాన్ని మనిషిలో ఉండే గుణంగా భావించి దానికి మార్కులు వేయడం మానుకొని, ఒక నిర్దిష్టమైన పనికి, కంటితో చూసిన సాక్ష్యానికి, ఒక తేదీకి ముడిపెట్టి రాసినప్పుడే ఆ పట్టికను నమ్మి మనుషులను కేటాయించగలుగుతాము. ఇకముందు నేను చెప్పబోయేదంతా ఈ మాటకు వివరణే.

మొదలుపెట్టవలసింది ఉద్యోగుల జాబితాతో కాదు, కొత్త లైను కోరే పనులతో. ఆ లైను మీద మెయింటెనెన్స్ సిబ్బంది చేయవలసిన పనులలో ఏవి తప్పితే ఉత్పత్తి ఆగుతుంది, ఏవి తప్పితే మనిషికి ప్రమాదం జరుగుతుంది అన్న రెండు ప్రశ్నలను యంత్రాలు సరఫరా చేసినవారిని, ఇటువంటి లైను మీద ఇదివరకు పనిచేసినవారిని, మీ సీనియర్లను అడగండి. అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. ఏయే నైపుణ్యాలు కావాలి అని అడిగితే నిబద్ధత, చొరవ, సమష్టి కృషి వంటి సాధారణమైన మాటలే తిరిగివస్తాయి. దానికి బదులు, గత ఏడాదిలో ఒకరి పనితనం వల్ల పెద్ద నష్టం తప్పిన సందర్భాన్ని, ఒకరికి పని తెలియకపోవడం వల్ల నష్టం జరిగిన సందర్భాన్ని చెప్పమనండి. ఆ సమయంలో ఆ మనిషి సరిగ్గా ఏమి చేశాడో అడిగి రాసుకోండి. జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళం కోసం చేసిన పని నుంచి ఈ పద్ధతిని రూపొందించి 1954లో ప్రచురించారు. ఇన్నేళ్ల తరువాత కూడా ఒక ఉద్యోగానికి నిజంగా ఏమి కావాలో తెలుసుకోవడానికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలైన మార్గం మరొకటి నాకు కనబడలేదు.

ఇలా చేస్తే మీ 32 నైపుణ్యాలు పది పన్నెండుకు తగ్గుతాయి, తగ్గాలి కూడా. కేటాయింపును మార్చగలిగిన నైపుణ్యాలే పట్టికలో ఉండాలి. అందరికీ సమానంగా వచ్చిన పనిని, ఎవరికీ రాకపోయినా వారం రోజుల్లో నేర్పగలిగిన పనిని అందులో రాయడం వల్ల కాగితం పెరుగుతుందే తప్ప నిర్ణయంలో తేడా రాదు. మిగిలినవాటిని కూడా పనుల రూపంలో తిరగరాయండి. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపించే కంట్రోలు కంప్యూటరు) పరిజ్ఞానం అని రాయడానికి బదులు, కంట్రోలు ప్రోగ్రాం తెరిచి ఏ సెన్సారు నుంచి సిగ్నలు రాకపోవడం వల్ల యంత్రం ఆగిందో కనిపెట్టడం అని రాయండి. మెకానికల్ నైపుణ్యం అని రాయడానికి బదులు, మోటారు షాఫ్టును పంపు షాఫ్టుతో తయారీదారు చెప్పిన పరిమితిలోకి వచ్చేలా అలైన్ చేయడం అని రాయండి. ఈ విధంగా రాసిన వాక్యం చదివినప్పుడు రెండేళ్ల అనుభవం ఉన్న యువకుడు కూడా తనకది వచ్చో రాదో చాలావరకు నిజాయితీగానే చెప్పగలుగుతాడు.

తరువాత స్థాయిలు. ఒకటి నుంచి ఐదు వరకు అన్న కొలత మీద నాకు అభ్యంతరం లేదు. ఆ అంకెలకు అర్థం రాయకపోవడమే సమస్య. సాధారణం, మంచిది, చాలా మంచిది అన్న మాటలు ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క చోట ఉంటాయి. చాలా కర్మాగారాలు చతురస్రం గీసే పద్ధతిని వాడుతాయి: ఒక గీత గీస్తే శిక్షణలో ఉన్నారని, రెండు గీస్తే పర్యవేక్షణలో పని చేయగలరని, మూడు గీస్తే ఒంటరిగా చేయగలరని, నాలుగు గీతలతో చతురస్రం పూర్తయితే ఇతరులకు నేర్పగలరని అర్థం. ఆంగ్ల అక్షరాలైన ఐ, ఎల్, యు, ఓ ఆకారాలను తలపిస్తుంది కనుక దానిని ఐలువో పట్టిక అని కూడా అంటారు. ఈ పద్ధతి గొప్పతనం సరళత్వంలో ఉన్నది. ప్రతి స్థాయి ఎంత పర్యవేక్షణ కావాలో చెబుతుంది కనుక, షిఫ్టు వేసేవారికి అది నేరుగా పనికివస్తుంది. రెండవ స్థాయి మనిషిని రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉంచకూడదన్న విషయం పట్టిక చూడగానే తెలిసిపోతుంది. మీరు ఈ నాలుగు స్థాయిలను తీసుకొని, ప్రతి పనికీ మూడవ స్థాయి అంటే ఏమి చేసి చూపించాలో రెండు వాక్యాలు రాస్తే చాలు. రెండవ స్థాయికీ మూడవ స్థాయికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అసలైన కష్టం, మీ సమయంలో ఎక్కువ భాగాన్ని అక్కడే వెచ్చించండి.

ఇప్పుడు మీకు తలనొప్పిగా మారిన సొంత రేటింగుల సంగతి. వాటిలో కనిపించిన వింత మీ విభాగానికి మాత్రమే పరిమితమైనది కాదు. మనుషులు తమ సామర్థ్యాన్ని తామే అంచనా వేసుకోవడం మీద జరిగిన 55 అధ్యయనాలను 1982లో మేబ్, వెస్ట్ అనే పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే, సొంత అంచనాకూ బయటి కొలతకూ మధ్య సహసంబంధం (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే 1, ఏ సంబంధమూ లేకపోతే 0) సగటున 0.29 మాత్రమే అని తేలింది. 1999లో క్రూగర్, డన్నింగ్ అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగాలలో, పరీక్ష మార్కులలో అడుగు పావు భాగంలో నిలిచినవారు నిజానికి సగటున 12వ పర్సంటైల్ దగ్గర (అంటే నూరుమందిలో సుమారు 12 మంది కన్నా మాత్రమే పైన) ఉండి, తాము 62వ పర్సంటైల్ దగ్గర ఉన్నామనుకున్నారు. పై పావు భాగంలో ఉన్నవారు తమను తాము కొంత తగ్గించుకొని చెప్పారు. ఈ తేడాలో కొంత భాగం గణాంకాల స్వభావం వల్లనే వస్తుందని తరువాతి పరిశోధకులు వాదించారు, ఆ వాదనలో బలం ఉన్నది. అయినా మీకు కావలసిన పాఠం మారదు. మీ సీనియర్ టెక్నీషియన్ తనకు తెలియనిది ఎంత ఉన్నదో చూసిన మనిషి కనుక మూడు వేసుకున్నారు; కొత్తవారు తమకు ఎదురైన పనులన్నీ చేయగలిగారు కనుక ఐదు వేసుకున్నారు. ఇద్దరూ తమకు కనిపించినంతలో నిజమే చెప్పారు, కానీ ఇద్దరి కొలబద్దలూ వేరు.

అయితే సొంత రేటింగులను పారవేయకండి. మేబ్, వెస్ట్ అధ్యయనంలోనే ఒక ఉపయోగకరమైన సంగతి ఉన్నది: తమ అంచనాను ఆ తరువాత ఎవరో సరిచూస్తారని తెలిసినప్పుడు మనుషులు మరింత కచ్చితంగా అంచనా వేసుకుంటారు. కనుక కొత్త ఫారం ఇచ్చేటప్పుడు, మూడు లేదా నాలుగు అని రాసినవాటిలో కొన్నింటిని చేసి చూపించమని అడుగుతామని ముందే చెప్పండి. ప్రతి గడి పక్కన ఆ పనిని చివరిసారి ఎప్పుడు, ఏ యంత్రం మీద చేశారో రాయమనండి. ఈ ఒక్క ప్రశ్న ఎన్నో అంకెలను ఎవరినీ నొప్పించకుండా సరిచేస్తుంది. సొంత రేటింగుకు మరొక విలువ కూడా ఉన్నది. సూపర్‌వైజరు ఒకటి వేసిన చోట ఉద్యోగి మూడు వేసుకుంటే, బహుశా ఆయన పాత ఉద్యోగంలో నేర్చుకున్నది ఇక్కడ ఎవరికీ తెలియకపోవచ్చు. ఎక్కడ సరిచూడాలో ఆ తేడాయే చెబుతుంది.

సూపర్‌వైజర్ల రేటింగులను చాలామంది నిష్పాక్షికమైనవని అనుకుంటారు. ఈ భ్రమ వల్ల జరిగే అన్యాయం సొంత రేటింగుల వల్ల జరిగేదాని కన్నా ఎక్కువ, ఎందుకంటే దానిని ఎవరూ ప్రశ్నించరు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త 1920లోనే సైనికాధికారులు తమ కింది వారికి వేసిన రేటింగులను పరిశీలించి, శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి వంటి వేరువేరు విషయాల మార్కులు నమ్మశక్యం కానంతగా ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయని చూపించారు. ఒక మనిషి మీద ఏర్పడిన మొత్తం అభిప్రాయం ప్రతి గడిలోకీ ప్రవహిస్తుంది. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ ప్రచురించిన అధ్యయనంలో రేటింగులలోని వైవిధ్యంలో సగానికి పైగా రేటింగు వేసినవారి సొంత ధోరణి నుంచే వచ్చినట్లు తేలింది. అంటే, ఆ పట్టిక చదువుతున్నప్పుడు మనం ఉద్యోగి గురించి ఎంత తెలుసుకుంటున్నామో, సూపర్‌వైజరు గురించి అంతకు తక్కువ కాకుండా తెలుసుకుంటున్నాము.

దీనికి పూర్తి విరుగుడు లేదు, కానీ తగ్గించే మార్గాలు ఉన్నాయి. సూపర్‌వైజరును ఒక మనిషిని తీసుకొని పన్నెండు గడులూ నింపమనకండి. ఒక పనిని తీసుకొని, ఆ పనిలో తన కింది వారందరినీ వరుసగా చూసి, ఆ తరువాతే రెండవ పనికి వెళ్లమనండి. చిన్న మార్పుగా కనిపించినా, దీనివల్ల మనిషి మీది అభిప్రాయం వెనక్కు జరిగి పని ముందుకు వస్తుంది. ఆ పనిని ఆ ఉద్యోగి చేస్తుండగా తాను స్వయంగా చూడకపోతే గడిని ఖాళీగా వదిలే స్వేచ్ఛను ఇవ్వండి. ఖాళీ గడి సిగ్గుపడవలసిన విషయం కాదు, ఊహతో నింపిన గడి కన్నా అది ఎంతో మేలు. కీలకమైన పనులకు ఇద్దరు వేరువేరుగా రేటింగు వేసి, అప్పుడు కలిసి కూర్చోవాలి. ఒకరు రెండు, మరొకరు నాలుగు వేస్తే మూడు అని రాయడం అన్నిటికన్నా చెడ్డ పరిష్కారం, ఎందుకంటే మూడు అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఎవరు ఏ సంఘటనను చూసి ఆ అంకె వేశారో చెప్పుకోవాలి. అప్పటికీ తేలకపోతే ఆ పనిని చేయించి చూడాలి.

చేయించి చూడటం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీ సమస్యకు అసలు పరిష్కారం అక్కడ ఉన్నది కనుక. ఉద్యోగుల ఎంపిక పద్ధతుల మీద 85 సంవత్సరాల పరిశోధనను క్రోడీకరించి ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన విశ్లేషణలో, ఆ తరువాతి పనితీరుతో పోల్చి చూస్తే, ఉద్యోగానికి సంబంధించిన పనిని నమూనాగా చేయించి చూసే పరీక్షకు 0.54, ఒకే ప్రశ్నలతో పద్ధతి ప్రకారం జరిపే ఇంటర్వ్యూకు 0.51, పద్ధతి లేని ఇంటర్వ్యూకు 0.38 సహసంబంధం కనిపించగా, ఎన్నేళ్ల అనుభవం ఉన్నదన్న లెక్కకు 0.18 మాత్రమే వచ్చింది. 2022లో సాకెట్ బృందం ఆ లెక్కలను సవరించింది. అంకెలు తగ్గినా పద్ధతి ప్రకారం జరిపే ఇంటర్వ్యూ 0.42తో మొదటి స్థానానికి వచ్చింది, పని తెలుసునో లేదో అడిగే పరీక్షకు 0.40, నమూనా పనికి 0.33 అని తేల్చారు. ఈ అంకెలను రెండు జాగ్రత్తలతో చదవాలి. మొదటిది, వాటిలో అత్యధికమైన 0.54ను తీసుకున్నా అది పనితీరులోని తేడాలలో మూడవ వంతుకు మించి వివరించదు. కనుక ఏ ఒక్క పద్ధతి మీదా భారమంతా వేయకూడదు. రెండవది, ఇవి ప్రధానంగా కొత్తవారిని ఎంచుకోవడానికి సంబంధించినవి. మీరు చూస్తున్నది ఇప్పటికే మీ దగ్గర పనిచేస్తున్నవారిని. వారి నిజమైన పనే మీ కళ్ల ముందు ఉన్నప్పుడు, దానిని చూడకుండా ఫారం మీద ఆధారపడటం ఎందుకు?

ఆచరణలో ఇలా చేయవచ్చు. శిక్షణ కోసం వాడే ప్యానెలులో ముందుగా ఒక లోపాన్ని అమర్చి, మీరు మూడవ స్థాయిలో ఉంచాలని అనుకుంటున్న ప్రతివారికీ అదే లోపాన్ని, అదే సమయాన్ని, అవే డ్రాయింగులను ఇవ్వండి. చూసేవారి చేతిలో ముందే రాసిన పట్టిక ఉండాలి: సరఫరా ఆపి తాళం వేసి, కరెంటు లేదని మీటరుతో నిర్ధారించుకున్నారా, డ్రాయింగును చదివి కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ వెళ్లారా లేక దొరికిందల్లా మార్చి చూశారా, పని పూర్తయ్యాక తిరిగి పరీక్షించి రికార్డు రాశారా. వేగానికి మార్కులు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. భద్రతకు సంబంధించిన అంశం తప్పితే మిగిలినవన్నీ సరిగా చేసినా మూడవ స్థాయి ఇవ్వకూడదు. అందరినీ అన్నిటిలో పరీక్షించవలసిన అవసరమేమీ లేదు. పన్నెండు పనులలో మూడు నాలుగు మాత్రమే ఇంత శ్రమకు తగినవి, వాటిలో కూడా రెండవ, మూడవ స్థాయిల సరిహద్దులో ఉన్నవారినే పిలవండి. మిగిలిన చోట రోజువారీ పనిని సూపర్‌వైజరు పట్టికతో గమనించినా సరిపోతుంది.

రికార్డులు కూడా సాక్ష్యమే, అయితే అవి మాట్లాడే తీరు వేరు. పూర్తయిన వర్క్ ఆర్డర్లను, మరమ్మతు చేసిన తరువాత అదే లోపం తిరిగి వచ్చిన సందర్భాలను చూడటం మంచిదే. కానీ చాలా విభాగాలలో అత్యంత చిక్కైన పనులు అత్యంత సమర్థుల దగ్గరికే వెళతాయి. వారి మరమ్మతులకు ఎక్కువ సమయం పడుతుంది, తిరిగి వచ్చే లోపాలూ ఎక్కువగానే కనిపిస్తాయి. పని కష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా గంటలను మాత్రమే పోల్చితే, మీ దగ్గర ఉన్న ఉత్తములే జాబితాలో కిందికి దిగిపోతారు. అందుచేత ఒకే రకమైన పనులలోనే పోల్చాలి. దీనితో పాటు ప్రతి ఉద్యోగినీ విడిగా ఒక ప్రశ్న అడగండి: ఈ పనిలో చిక్కుబడి ముందుకు సాగలేనప్పుడు మీరు ఎవరిని పిలుస్తారు? ఈ ప్రశ్నకు వచ్చే పేర్లు చాలాసార్లు హోదాలతో సరిపోలవు. పైవారి కంటపడని పనితనాన్ని తోటివారు తమ అవసరం కొద్దీ కనిపెట్టి ఉంటారు. మీ సీనియర్ టెక్నీషియన్ మూడు వేసుకున్న గడికి సరైన అంకె ఏదో ఈ సమాధానాలలో మీకు దొరుకుతుంది.

పట్టిక సిద్ధమయ్యాక దానిని చదివే విధానంలోనే చాలామంది దారి తప్పుతారు. అడ్డంగా కూడి, ఒక్కొక్కరికి మొత్తం మార్కులు వేసి, పైనుంచి వరుసగా కొత్త లైనుకు పంపాలని చూస్తారు. అలా కూడటంలో ఒక దాగిన ఊహ ఉన్నది: ఒక పనిలోని లోటును మరొక పనిలోని మిగులు పూడుస్తుందని. కంట్రోలు సిగ్నళ్ల లోపం కనిపెట్టడంలో ఒకటవ స్థాయిలో ఉన్న వ్యక్తి వెల్డింగులో నాలుగవ స్థాయిలో ఉన్నంత మాత్రాన కొత్త లైను నడవదు. పైగా ఒకటవ స్థాయి నుంచి రెండవ స్థాయికి ఉన్న దూరమూ, రెండు నుంచి మూడుకు ఉన్న దూరమూ సమానం కావు. అవి వరుసను చెప్పే గుర్తులు మాత్రమే కనుక కూడికకు, సగటుకు లొంగవు. తప్పనిసరి పనులు ఏవో తేల్చి, వాటిలో కావలసిన స్థాయి ఉన్నదా లేదా అని మాత్రమే ముందు చూడండి. ఆ వడపోత తరువాతే మిగిలిన పనులను చూడాలి.

పట్టికను నిలువుగా చదవండి. ప్రతి పని కిందా మూడవ స్థాయి, నాలుగవ స్థాయి గడులు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. కొత్త లైను ఇరవై నాలుగు గంటలూ నడిచేదైతే వారానికి 168 గంటలు. మనిషి వారానికి 40 గంటలు పనిచేస్తే, ప్రతి క్షణం ఒక్కరు అందుబాటులో ఉండటానికే 4.2 మంది కావాలి. సెలవులకు, శిక్షణకు 15 శాతం సమయం పోతుందని అనుకుంటే అది 4.9 అవుతుంది. వారానికి 48 గంటలని లెక్కవేసినా నలుగురు చాలరు. అంటే ఒక కీలకమైన పనికి ప్రతి షిఫ్టులోనూ దానిని ఒంటరిగా చేయగలిగినవారు ఒక్కరు ఉండాలన్నా, పట్టికలో ఆ నిలువు వరుస కింద కనీసం ఐదు పేర్లు ఉండాలి. ఒక వరుసలో ముగ్గురే ఉంటే, ఆ ముగ్గురూ ఎంత గొప్పవారైనా మీకు లోటు ఉన్నట్లే. ఒకే ఒక్క పేరు ఉన్న వరుసలను ఎర్ర రంగులో గుర్తించండి. అందరికన్నా ముందు వారి పక్కన ఒకరిని నిలబెట్టి నేర్పించాలి. ఆ ఒక్క మనిషిని కొత్త లైనుకు పంపితే పాత లైను ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఇక్కడే బయటపడుతుంది. బయటి నుంచి ఎంతమందిని తీసుకోవాలన్న యాజమాన్యం ప్రశ్నకు జవాబు ఈ లోటు లెక్కలోనే ఉన్నది: రెండవ స్థాయిలో ఉన్నవారిని గడువులోగా మూడవ స్థాయికి తేగలిగితే శిక్షణ, తేలేకపోతే నియామకం, రెండూ కుదరకపోతే కొంతకాలం సరఫరాదారు సర్వీసు ఒప్పందం.

కొత్తవారిని తీసుకునేటప్పుడు అందరికీ అవే ప్రశ్నలు, అవే కొలమానాలు, వీలైతే అదే నమూనా పని. దీని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

పట్టికలో కలపకూడని సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి, నేర్చుకోగలరన్న ఆశ. ఈ రోజు రెండవ స్థాయిలో ఉన్న చురుకైన యువకుడికి మూడు వేయాలని సూపర్‌వైజరుకు అనిపించడం సహజం, కానీ రాత్రి షిఫ్టులో యంత్రం ముందు నిలబడేది ఈ రోజటి నైపుణ్యమే. ఆశకు వేరే నిలువు వరుస పెట్టి, ఎంత కాలంలో, ఎవరి దగ్గర నేర్చుకుంటారో అక్కడ రాయండి. రెండవది, ఇష్టం. కొత్త లైనుకు వెళ్లాలని ఎవరికి ఉన్నదో అడిగి విడిగా రాయండి. బలవంతంగా పంపినవారి నాలుగవ స్థాయి ఎక్కువ కాలం నిలవదు. ఇక కొత్త లైనుకు బృంద నాయకుడిని ఎంచుకోవలసివస్తే, పనిలో అందరికన్నా మేటి అయినవారిని అలవాటుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టవద్దు. అమ్మకాల సిబ్బంది సమాచారంతో జరిపి 2019లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, సంస్థలు మంచి అమ్మకందారులకే పదోన్నతి ఇస్తున్నాయని, కానీ పదోన్నతికి ముందు అమ్మకాలలో ముందున్నవారి కింద పనిచేసేవారి పనితీరు తగ్గుతున్నదని తేలింది. నాయకత్వం వేరే పని. దానికి కావలసినవి వేరే వరుసలు: షిఫ్టు పనిని పంచడం, ఎవరిని ఎప్పుడు ఒంటరిగా వదలవచ్చో తెలియడం, తప్పు జరిగినప్పుడు కారణాన్ని వెతికే తీరు. వాటికీ చూసిన సాక్ష్యం కావాలి.

ఇంతవరకు చెప్పినదంతా కొలత గురించి. దీనికి సమానమైన బరువున్న విషయం నమ్మకం. ఈ మదింపు దేనికోసమో మొదటి రోజే అందరికీ రాతపూర్వకంగా చెప్పండి, ఆ మాట తప్పకండి. శిక్షణ అవసరాలు తెలుసుకోవడానికని సేకరించిన సొంత రేటింగులను ఆ తరువాత జీతాల పెంపుకో, ఉద్యోగుల తగ్గింపుకో వాడితే అది నమ్మక ద్రోహం; ఆ తరువాత ఆ విభాగంలో ఎవరూ ఏళ్ల తరబడి ఏ ఫారంలోనూ నిజం రాయరు. ఇప్పటికే మీరు సేకరించిన అంకెలను ఏమి చెప్పి సేకరించారో నాకు తెలియదు కనుక, కేటాయింపు కోసమని స్పష్టంగా చెప్పి మళ్లీ సేకరించడమే న్యాయం. ప్రతి ఉద్యోగికీ తన వరుసను చూపించండి. ఒక గడి తప్పని వారు అంటే, వాదించే అవకాశం కాదు, చేసి చూపించే అవకాశం ఇవ్వండి. ఇది చాలా గొడవలను మొదట్లోనే తీర్చేస్తుంది.

కావలసిన అర్హతలను రాసేటప్పుడు కూడా ఇదే న్యాయం. డ్యూక్ పవర్ అనే విద్యుత్ సంస్థ మీద అక్కడి ఉద్యోగి గ్రిగ్స్ వేసిన కేసులో 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రంగంలో మైలురాయి. పనితీరుతో సంబంధం ఉన్నట్లు చూపించకుండానే ఆ సంస్థ హైస్కూలు డిప్లొమాను, సాధారణ పరీక్షలను షరతుగా పెట్టింది. వాటివల్ల నల్లజాతి ఉద్యోగులు ఎక్కువగా దూరమయ్యారు. ఉద్దేశం ఏదైనా, ఆ పనితో సంబంధం చూపలేని షరతు చెల్లదని కోర్టు తేల్చింది. ఏ దేశంలో ఉన్నా ఈ పరీక్షను మన పట్టికకు మనమే పెట్టుకోవచ్చు. కొత్త లైనుకు డిప్లొమా తప్పనిసరి అని మీ ముసాయిదాలో ఎవరైనా రాస్తే, అది లేనందువల్ల ఏ పని ఆగుతుందో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ షరతును కొట్టివేయండి.

తేదీ గురించి ముందే ప్రస్తావించాను, అది ఎంత గట్టి విషయమో విమానయానం చూపిస్తుంది. పైలట్‌కు లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. గడచిన 90 రోజులలో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేయకపోతే ప్రయాణికులతో విమానాన్ని నడపడానికి మళ్లీ అర్హత సంపాదించుకోవాలి. వాడని నైపుణ్యం మసకబారుతుంది. ముఖ్యంగా అనేక మెట్లను వరుసగా గుర్తుంచుకొని చేయవలసిన పనులు, అరుదుగా వచ్చే అత్యవసర పనులు త్వరగా మరుపున పడతాయి. మీ పన్నెండు పనులలో ఒక్కొక్కదానికి ఎంత కాలం చేయకపోతే మూడవ స్థాయి రెండుకు దిగుతుందో సీనియర్లతో కూర్చొని నిర్ణయించండి. రోజూ చేసే పనికి ఈ గడువు అక్కరలేదు.

మూడు నెలల గడువులో ఇదంతా సాధ్యమే. మొదటి మూడు వారాలు పనుల జాబితాకు, స్థాయిల వివరణకు కేటాయించండి. ఈ భాగంలో తొందరపడితే తరువాతిదంతా వృథా అవుతుంది. ఆ తరువాతి రెండు వారాల్లో కొత్త ఫారాలు, సూపర్‌వైజర్ల రేటింగులు పూర్తవుతాయి. తేడాలున్న గడులను సరిచూడటానికి, నమూనా పనులకు ఒక నెల పడుతుంది. మిగిలిన సమయంలో లోటు లెక్క, ఉద్యోగులతో సంభాషణ, యాజమాన్యానికి నివేదిక. నివేదికలో ర్యాంకుల జాబితా కోసం వారు పట్టుబడితే, దానికి బదులు షిఫ్టుల వారీగా ఏ పనికి ఎంతమంది ఉన్నారు, ఎంతమంది కావాలి, ఆ తేడాను ఏ తేదీకల్లా ఎలా పూడుస్తారు అన్న ఒక పేజీని ముందు పెట్టండి. వారు తీసుకోవలసిన నిర్ణయానికి నిజంగా పనికివచ్చేది అదే.

చివరగా సాఫ్ట్‌వేర్. 40 మంది, పన్నెండు పనులు అంటే 480 గడులు. దానికి ఒక స్ప్రెడ్‌షీట్ ధారాళంగా సరిపోతుంది. ప్రతి గడికీ స్థాయి, సాక్ష్యం, చూసినవారి పేరు, తేదీ అన్న నాలుగు వివరాలు ఉండేలా చూసుకోండి. అనేక కర్మాగారాలు, వందలాది ఉద్యోగులు ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ అవసరం నిజంగానే వస్తుంది. అప్పుడు కూడా ఉద్యోగుల ఈమెయిళ్లు, బయోడేటాల నుంచి నైపుణ్యాలను తానే ఊహించి మార్కులు వేస్తుందని చెప్పే దాని విషయంలో జాగ్రత్తగా ఉండండి; ఆ ఊహలో పైన చెప్పిన సాక్ష్యం ఏదీ ఉండదు. యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన కృత్రిమ మేధ చట్టం ఉద్యోగుల నియామకానికి, పదోన్నతులకు, పని కేటాయింపుకు వాడే ఇటువంటి వ్యవస్థలను అధిక ప్రమాదం గలవాటి జాబితాలో చేర్చడానికి బలమైన కారణమే ఉన్నది. అమ్మేవారు మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరు సరిచూసిన పట్టికనే వారికి ఇచ్చి, ఫలానా షిఫ్టులో ఫలానా ఇద్దరు సెలవులో ఉంటే ఏ పని ఎవరూ చేయలేని స్థితిలో పడుతుందో వెంటనే చూపించమని అడగండి. అది చూపించలేని సాఫ్ట్‌వేర్ కన్నా మీ స్ప్రెడ్‌షీటే నయం.